ముంజేతిలో అడ్డదారి

మోచేయి గోడకో తలుపు అంచుకో తగిలినప్పుడు చిటికెనవేలి చివరిదాకా జివ్వుమని పాకే బాధను ఎరుగనివారు ఉండరు. దెబ్బ తగిలేది మోచేతికి, మంట పుట్టేది వేలిలో. మోచేతి వెనుక, లోపలివైపు, చర్మానికీ ఎముకకూ నడుమ అరత్ని నాడి దాదాపు పైకే పరుచుకొని ఉండటమే ఇందుకు కారణం. వేలితో తడిమితే సన్నని తాడువలె అది చేతికి తగులుతుంది. శరీరంలో ఇంత సులభంగా తాకి చూడగల నాడులు చాలా కొద్ది.

నాడి అనే మాటకు తెలుగు పల్లెలలో వ్యవహారం లేదు. అక్కడ అన్నీ నరాలే. ఇంజెక్షను నరానికి ఇచ్చారంటే అది రక్తనాళం. బరువెత్తితే నరం పట్టేసిందంటే అది కండరమో, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువో. నరాల జబ్బు అన్నప్పుడు మాత్రమే అది నిజమైన నాడి. మన భాష బీదదని ఇందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ప్రాచీన గ్రీకులకు కూడ నాడికీ, స్నాయువుకూ, వింటినారికీ ఒకటే మాట ఉండేది. క్రీస్తుకు పూర్వం సుమారు 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నగరంలో హిరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి చూచి, మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ బయలుదేరే తెల్లని తంతువులు వేరు, కండరాన్ని లాగే తాళ్ళు వేరు అని చెప్పేదాకా ఆ తికమక తీరలేదు.

సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలలో మోచేతి వద్ద కూర్పరం, ముంజేతి నడుమ ఇంద్రబస్తి, మణికట్టు వద్ద మణిబంధం ఉన్నాయి. కూర్పరానికి గాయమైతే చేయి వంకరపోతుందని ఆయన గమనించాడు. గమనిక సరైనదే. కాని శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, ఆపైన కుంచెతో పొర తరువాత పొరను తొలగించే ఆయన పద్ధతిలో దారమంత నాడీ శాఖలు చెక్కుచెదరకుండ మిగలడం కష్టం. ఆయన గ్రంథంలో వాటి ప్రసక్తి లేకపోవడం వింత కాదు.

క్రీ. శ. రెండవ శతాబ్దంలో గేలెన్ వద్దకు సిరియా దేశస్థుడైన పౌసేనియాస్ అనే పండితుడు వచ్చాడు. ఆయనకు చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలిలో సగం తిమ్మిరెక్కి స్పర్శ పోయింది. అప్పటిదాకా వైద్యులందరూ వేళ్ళకే పూతలు పూస్తూ వచ్చారు. గేలెన్ వేళ్ళను వదిలి, ఇంతకు ముందు ఎక్కడైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. బండి మీదనుంచి పడి, రెండు భుజాల నడుమ రాయి గుచ్చుకొన్నదని తేలింది. ఆయన వెంటనే మందును వేళ్ళ నుంచి వెన్నెముకకు మార్చాడు, రోగికి నయమయింది. నొప్పి ఉన్నచోట కాక, నాడి వచ్చే దారిలో రోగాన్ని వెదకాలని ఈ ఒక్క సంఘటన నేర్పింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు నాడుల వైద్యమంతా ఆ దారి పటం మీదనే ఆధారపడి ఉన్నది. పటం తప్పయితే చికిత్స తప్పుతుంది.

ముంజేతి పటం పాఠ్యపుస్తకాలలో ఇట్లా ఉంటుంది. చంక నుంచి మూడు పెద్ద నాడులు చేతిలోనికి దిగుతాయి. రత్ని నాడి వెనుకవైపుకు పోయి మణికట్టును, వేళ్ళను పైకెత్తే కండరాలను నడుపుతుంది. మధ్యమ నాడి ముంజేతి నట్టనడుమ దిగి, వేళ్ళను ముడిచే కండరాలలో ఎక్కువ భాగాన్నీ, బొటనవేలి మొదలులోని కండను ఆడించి, బొటనవేలు మొదలు ఉంగరపువేలి సగం దాకా స్పర్శనిస్తుంది. అరత్ని నాడి మోచేతి వెనుకనుంచి వచ్చి ముంజేతిలో కొద్దిపాటి పనే చేస్తుంది. దాని అసలు పని అరచేతిలో. వేలికీ వేలికీ నడుమ ఉన్న చిన్న కండరాలన్నీ దాదాపు దాని అధీనమే. సూదిలో దారమెక్కించడం, తాళంచెవి తిప్పడం, కలం పట్టడం వాటి సొమ్ము. మిగిలిన ఉంగరపువేలి సగానికీ, చిటికెనవేలికీ స్పర్శ కూడ దీనిదే. పటంలో ఈ మూడు నాడులూ మోచేయి దాటిన తరువాత ఎవరి దారి వారిది, ఒకదానితో ఒకటి కలవవు.

ఆ పటం తప్పని మొదట చూపినది వైద్యుడు కాదు, చిత్రకారుడు. ఇటలీ దేశంలో పియెత్రో బెరెత్తీని 17వ శతాబ్దంలో దేవాలయాలకూ రాజభవనాలకూ పైకప్పుల మీద గొప్ప చిత్రాలు వేసి పేరుపొందినవాడు. యువకుడుగా ఉన్నప్పుడు ఆయన శవచ్ఛేదాలు చూచి నాడుల చిత్రాలు గీశాడు. అవి 1741లో గాని రోము నగరంలో అచ్చుకాలేదు. అప్పటికి ఆయన మరణించి 72 సంవత్సరాలయింది. ఆ చిత్రాలలో అరచేతిలో మధ్యమ నాడి శాఖకూ, అరత్ని నాడి శాఖకూ నడుమ ఒక వంతెన కనబడుతుంది. నేటి లెక్కల ప్రకారం ఆ వంతెన సగానికి పైగా చేతులలో ఉన్నది. అంటే లేనిదే వింత. బెరెత్తీనికి శాస్త్ర సిద్ధాంతాలతో పని లేదు. ఉన్నదాన్ని ఉన్నట్లు గీశాడు. అది చాలింది.

ముంజేతి సంగతి తరువాత బయటపడింది. 1763లో స్టాక్‌హోము నగరంలో మార్టిన్ అనే స్వీడన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు, మానవ శరీరంలో నాడుల సామాన్య లక్షణాలను గురించి తాను చేసిన ప్రసంగాన్ని స్వీడిష్ భాషలో అచ్చువేశాడు. ముంజేతి పైభాగంలో మధ్యమ నాడి నుంచి ఒక సన్నని శాఖ విడివడి, కండరాల నడుమ ఏటవాలుగా దిగి, అరత్ని నాడిలో కలిసిపోవడం కొందరిలో ఉన్నదని అందులో చెప్పాడు. స్వీడిష్ చదివే వైద్యులు లోకంలో ఎందరు? ఆ చిన్న పుస్తకం ఒక శతాబ్దంపాటు ఎవరి పనికీ అడ్డు రాలేదు.

1870లో దాన్ని మళ్ళీ వెలికి తెచ్చి, ఒకరిలో చూశాను అనే మాటను ఎందరిలో ఉన్నది అనే ప్రశ్నగా మార్చినవాడు వెన్‌ట్సెల్ గ్రూబర్. ఈయన 1814లో బొహీమియాలో పుట్టాడు. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు పిరొగోఫ్ ఆహ్వానం మీద రష్యాకు పోయి, సెంట్ పీటర్స్‌బర్గు వైద్య విద్యాలయంలో శవచ్ఛేద శాలలోనే తన ఉద్యోగ జీవితమంతా గడిపాడు. శరీరంలో ఎక్కడ ఏ మార్పు కనబడినా దాన్ని లెక్క వ్రాసి పెట్టడం ఆయనకు వ్యసనం. ఆయన 250 ముంజేతులను విప్పి చూచాడు. 38 చేతులలో ఈ అడ్డదారి కనబడింది. నూటికి 15.2. ఇతర స్తన్యజీవుల ముంజేతులను కూడ ఆయన ఆ వ్యాసంలోనే పరిశీలించాడు.

38 అనే సంఖ్య చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక ముంజేతిని ఈ శాఖ చెడకుండ విప్పడం ఎంత పనో ఆలోచిస్తే గ్రూబర్ ఓర్పు అర్థమవుతుంది. ఆ శాఖ పైవరుస కండరాలకూ లోపలివరుస కండరాలకూ నడుమ, కొవ్వులోనూ పొరలలోనూ ఒదిగి ఉంటుంది. తొందరపడే చేయి దాన్ని కొవ్వుతో పాటు ఊడ్చివేస్తుంది. లేదని వ్రాసిన అనేక నివేదికలలో అది నిజంగా లేదో, కత్తి కింద పోయిందో చెప్పడం కష్టం.

ఆ తరువాత బ్రిటనులో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సంఘం ఊరూరా ఉన్న శవచ్ఛేద శాలల నుంచి లెక్కలు తెప్పించి సమకూర్చింది. 1893లో థామ్సన్ ప్రకటించిన ఆ నివేదికలో 406 చేతులకు 63 చేతులలో ఇది ఉన్నది. నూటికి 15.5. పీటర్స్‌బర్గులో ఒక్కడు చూచినదీ, బ్రిటనులో పలువురు చూచినదీ ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికం అనుకోవడానికి వీలులేదు. 2016లో అనేక దేశాల పరిశీలనలను కలిపి చేసిన లెక్క నూటికి సుమారు 19.5 అని చెప్పింది. మొత్తం మీద ప్రతి ఐదారు చేతులకు ఒకటి. దీనికి నేడు మార్టిన్-గ్రూబర్ సంధానం అని పేరు. 107 ఏళ్ళ మరుగు తరువాత మార్టిన్ పేరు ముందుకే వచ్చింది.

1897లో రిష్, కన్యూ అనే ఫ్రెంచివారు బొటనవేలి మొదలులో మరొక వంతెనను వర్ణించారు. 1964లో మారినాచీ అనే అమెరికా వైద్యుడు ముంజేతిలోనే ఎదురుదారిని, అంటే అరత్ని నాడి నుంచి మధ్యమ నాడికి పోయే శాఖను, చూపాడు. ఇది చాలా అరుదు, నూటికి ఒకటి కూడ ఉండదు. 1980లో క్రచ్‌ఫీల్డ్, గుట్‌మన్ అనేవారు కుటుంబాలను పరీక్షించి, మార్టిన్-గ్రూబర్ సంధానం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించవచ్చునని చూపారు. ఇది రోగం కాదు, లోపం కాదు. దీన్ని మోస్తున్నవారికి ఆ సంగతే తెలియదు.

అసలిట్లా ఎందుకు జరుగుతుంది? అరచేతి చిన్న కండరాలకు పోవలసిన తంతువులు మెడ అడుగున, ఛాతీ మొదట ఉన్న వెన్నుపాము మూలాలనుంచి బయలుదేరుతాయి. చంక వద్ద ఒకే కట్ట నుంచి కొన్ని మధ్యమ నాడిలోనికి, కొన్ని అరత్ని నాడిలోనికి పోతాయి. గర్భంలో చేయి రూపొందేటప్పుడు అరత్ని నాడి వెంట పోవలసిన కొన్ని తంతువులు మధ్యమ నాడి బండి ఎక్కుతాయి. తరువాత ముంజేతిలో దిగి తమ గమ్యానికి పోయే నాడిలో చేరుకొంటాయి. అంతే.

మెదక్ పట్టణంవారికి ఇది సులభంగా బోధపడుతుంది. హైదరాబాదు నుంచి మెదక్ వైపు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి గుమ్మడిదల, నర్సాపూర్, కౌడిపల్లి మీదుగా. రెండవది మేడ్చల్, తూప్రాన్ మీదుగా. తూప్రాన్ నుంచి నర్సాపూరుకు అడ్డంగా రోడ్డు ఉన్నది. కౌడిపల్లికి పోవలసినవారు సాధారణంగా మొదటి దారినే పట్టుకొంటారు. కొందరు మాత్రం తూప్రాన్ దాకా వచ్చి, అక్కడినుంచి నర్సాపూరు చేరి కౌడిపల్లి పోతారనుకోండి. గుమ్మడిదల వద్ద వాగు పొంగి రోడ్డు తెగిందంటే మొదటి దారి ప్రయాణికులు నిలిచిపోతారు, తూప్రాన్ ప్రయాణికులు నిశ్చింతగా కౌడిపల్లిలో దిగుతారు. కౌడిపల్లి సెంటరులో నిలబడి దిగే జనాన్ని చూచేవారికి గుమ్మడిదల వద్ద రోడ్డు తెగిందని తోచనే తోచదు. రోడ్డు నర్సాపూరు దాటిన తరువాత తెగితే మాత్రం ఏ దారిన వచ్చినవారికైనా గతి ఒకటే.

ఇక్కడ గుమ్మడిదల మోచేయి. కౌడిపల్లి అరచేయి. తూప్రాన్-నర్సాపూరు రోడ్డు మార్టిన్-గ్రూబర్ సంధానం. ఈ పోలిక తెలుగుదేశంలో ప్రాణం పోసుకొన్నది కుష్ఠు వ్యాధి మూలంగా.

కుష్ఠు చర్మవ్యాధి అని సామాన్యుల నమ్మకం. అది ప్రధానంగా నాడుల వ్యాధి. నార్వే దేశంలో బెర్గెన్ నగరంలో హాన్‌సెన్ 1873లో కనుగొన్న కుష్ఠు సూక్ష్మజీవి చల్లదనాన్ని కోరుతుంది. శరీరపు లోపలి వేడి దానికి సరిపడదు. అందువల్ల చర్మానికి దగ్గరగా, కొంత చల్లగా ఉన్న నాడులలో మకాం పెడుతుంది. మోచేతి వెనుక అరత్ని నాడి దానికి అచ్చుగా సరిపోయిన చోటు. అక్కడ నాడి ఉబ్బి గట్టిపడుతుంది. తరువాత చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది. అరచేతి చిన్న కండరాలు క్షీణించి, చిటికెనవేలు, ఉంగరపువేలు కొంకర్లు పోతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ గుంటపడుతుంది. అన్నం కలుపుకొనే చేయి, కొడవలి పట్టే చేయి పనికిరాకుండ పోతుంది. స్పర్శలేని వేలు పొయ్యి మీది గిన్నెను పట్టుకొని కాలినా ఆ మనిషికి తెలియదు. వేళ్ళు కురచబడటానికి సగం కారణం ఆ కాలిన పుండ్లే గాని, సూక్ష్మజీవి వేలిని తినడం కాదు.

మెదక్ పట్టణం నుంచి ఉత్తరంగా కామారెడ్డి దాటి పోతే నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి వస్తుంది. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ హయాములో పెద్ద చర్చి కట్టిన వెస్లియన్ మిషనువారే అక్కడ కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని చూడటానికి నేటికీ ఊరూరి జనం మెదక్ వస్తారు. డిచ్‌పల్లిని ఎరిగినవారు అంతమంది లేరు. అక్కడ పని మొదలుపెట్టినది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు. 1903లో ఆబర్డీను విశ్వవిద్యాలయంలో వైద్య పట్టం పొంది, 1907లో భర్త జార్జి కెర్‌తో హైదరాబాదు సంస్థానానికి వచ్చింది. ఊరి బయటికి నెట్టివేయబడిన కుష్ఠు రోగులకు నిజామాబాదులో చిన్న ఆశ్రయం ఏర్పరచింది. నిజామాబాదు వాస్తవ్యుడు రాజా నర్సాగౌడు ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసింది. చాల్మోగ్రా జాతి గింజల నూనెను ఇంజెక్షనుగా ఇచ్చే చికిత్స వచ్చినప్పుడు కెర్ దాన్ని అక్కడ విరివిగా వాడింది. ఆమె 1932లో మరణించింది. ఆ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ లో అనే వైద్యుడు తరువాతి కాలంలో నైజీరియాకు పోయి, డాప్సోన్ బిళ్ళను చవకగా, నోటి ద్వారా ఇవ్వవచ్చునని చూపినవారిలో ఒకడయ్యాడు. సూక్ష్మజీవిని చంపే దారి దొరికింది. కొంకర్లు పోయిన చేతిని మాత్రం బిళ్ళ చక్కదిద్దలేదు.

ఆ పని వెల్లూరులో మొదలయింది. తమిళదేశంలోని కొల్లి కొండలలో పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియను వైద్య కళాశాలలో చేరాడు. కుష్ఠు రోగి చేతిలో ఏ కండరం చచ్చింది, ఏది బతికింది అని ఒక్కొక్కదాన్నే పరీక్షించి వ్రాసుకొన్నాడు. ముంజేతిలో మధ్యమ నాడి నడిపే కండరాలు సామాన్యంగా చెడటంలేదని, అరత్ని నాడి నడిపేవి చెడుతున్నాయని తేలింది. అట్లయితే బతికి ఉన్న కండరపు స్నాయువును ఒకదాన్ని తెచ్చి, చచ్చినదాని చోట కుట్టవచ్చును గదా! 1948లో ఆ శస్త్రచికిత్స ఆరంభించి, 1952లో లండనులో శస్త్రవైద్యుల రాజ కళాశాలలో దాన్ని గురించి ఉపన్యసించాడు. వేళ్ళు చాచలేని వారు మళ్ళీ కలం పట్టారు, మగ్గం నేశారు. హైదరాబాదులో కూకట్‌పల్లి వద్ద 1958లో రాణి కుముదినీదేవి స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం ఇటువంటి వారికోసమే.

బ్రాండ్ పద్ధతిలో కీలకం కత్తి కాదు, కత్తికి ముందు జరిగే పరీక్ష. ఏ నాడి ఏ కండరాన్ని నడుపుతున్నదో ఆ మనిషి చేతిలోనే చూచి నిర్ణయించాలి గాని పుస్తకం చూచి కాదు. ఐదారు చేతులకు ఒకదానిలో పుస్తకం తప్పుతుంది. మోచేతి వద్ద అరత్ని నాడి పూర్తిగా చెడినా, అడ్డదారిన వచ్చిన తంతువుల వల్ల వేళ్ళ నడిమి కండరాలలో కొన్ని పనిచేస్తూనే ఉంటాయి. వాటిలో తరచుగా ఇట్లా బతికేది బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న కండరం. సరిగ్గా ఆ కండరాన్నే వైద్యులు పరీక్షకు ఎన్నుకొంటారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఫ్రాన్సుకు చెందిన ఫ్రొమాన్ అనే వైద్యుడు ఒక చక్కని పరీక్ష చెప్పాడు. రోగి రెండు చేతుల బొటనవేళ్ళకూ చూపుడువేళ్ళకూ నడుమ ఒక వార్తాపత్రికను పట్టుకొని లాగాలి. అరత్ని నాడి చెడిన చేతిలో బొటనవేలు తిన్నగా ఉండక కణుపు వద్ద ముడుచుకొంటుంది. కాగితం చాలు, ఏ యంత్రమూ అక్కరలేదు. గాయపడిన సైనికులకు పనికివచ్చిన ఆ పరీక్షే తెలుగు పల్లెలలోనూ పనికివచ్చింది. కాని అడ్డదారి ఉన్న రోగి ఆ కాగితాన్ని బాగానే పట్టుకొనవచ్చును. బొటనవేలు నిటారుగా ఉంటుంది, వేళ్ళు కొంకర్లు పోవు. చూచినవారు నాడి బాగున్నదని పంపివేస్తారు.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. మోచేతికి పైన నాడి చెడినప్పుడు వేళ్ళను లోపలికి ముడిచే కండరంలో కొంత భాగం కూడ పడిపోతుంది గనుక, అడ్డదారి లేనివారిలో సైతం కొంకర తక్కువగానే కనబడుతుంది. చెరుపు పైన జరిగినకొద్దీ వంకర తక్కువ! వైద్య విద్యార్థులు దీన్ని మొదటిసారి విన్నప్పుడు నమ్మరు. వంకర లేదు గనుక జబ్బు లేదనే వాదం రెండు వైపులా దెబ్బ తిన్నదన్నమాట.

అయితే రోగిని రక్షించేది ఒకటున్నది. మార్టిన్-గ్రూబర్ శాఖ కండరాలను నడిపే తంతువులనే ప్రధానంగా మోస్తుంది. స్పర్శ తంతువులు దాదాపుగా ఆ దారిన పోవు. అందుచేత అరత్ని నాడి చెడితే, వేళ్ళు ఎంత తిన్నగా ఉన్నా, చిటికెనవేలు మాత్రం నిజం చెబుతుంది. రోగి కళ్ళు మూయించి కలం మొనతో చిటికెనవేలును తాకితే చాలు. తాకినచోటు చూపలేకపోతే అనుమానించవలసిందే. మోచేతి వెనుక తడిమితే నాడి లావెక్కి, నొక్కితే నొప్పి పుడితే అనుమానం బలపడుతుంది. కుష్ఠు పరీక్షలలో కండర బలం, స్పర్శ, నాడి తడమడం అనే మూడింటిని కలిపి చేయాలన్న నియమం వెనుక ఉన్న కారణాలలో ఇదొకటి. ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు.

తొందర ఎందుకంటే, వాచిన నాడిని కాపాడటానికి గడువు ఉన్నది. చెరుపు మొదలై సుమారు ఆరు నెలలు దాటకముందు ప్రెడ్నిసలోన్ వంటి మందుతో వాపు తగ్గిస్తే పోయిన బలం, స్పర్శ చాలామందిలో కొంతవరకైనా తిరిగి వస్తాయి. ఏళ్ళు గడచిన తరువాత ఆ మందు పనిచేయదు. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స సూక్ష్మజీవిని చంపుతుంది గాని చచ్చిన నాడిని బతికించదు. జాతీయ స్థాయిలో కుష్ఠు నిర్మూలన లక్ష్యం చేరామని భారతదేశం 2005 ముగిసేసరికి ప్రకటించింది. ఆ మాటకు అర్థం పదివేల మందికి ఒకరికన్న తక్కువ రోగులున్నారని మాత్రమే, రోగులే లేరని కాదు. కొత్త రోగులు నేటికీ బయటపడుతున్నారు. వ్యాధి అరుదయ్యేకొద్దీ మోచేతి వెనుక వేలు పెట్టి తడిమే అలవాటు కూడ అరుదవుతున్నది. ఇది విచారించవలసిన విషయం.

పొరపాటు మరొక దిశగా కూడ జరుగుతుంది. 1948లో అమెరికాలో హోడ్స్, లారబీ, జెర్మన్ అనే ముగ్గురు మనిషి చేతి నాడులలో విద్యుత్ సంకేతం పోయే వేగాన్ని కొలిచే పద్ధతిని ఆసుపత్రికి తెచ్చారు. నాడిని మోచేతి వద్ద ఒకసారి, మణికట్టు వద్ద ఒకసారి విద్యుత్తుతో తట్టి, అరచేతి కండరంలో పుట్టే సంకేతాన్ని గీతగా వ్రాస్తారు. అడ్డదారి ఉన్న ఆరోగ్యవంతునిలో అరత్ని నాడిని మణికట్టు వద్ద తట్టితే అన్ని తంతువులూ పలుకుతాయి, గీత పెద్దదవుతుంది. మోచేతి వద్ద తట్టితే మధ్యమ నాడిలో దాగి వస్తున్న తంతువులు పలకవు, గీత చిన్నదవుతుంది. ముంజేతిలో నాడి ఎక్కడో నలిగిందని అనుభవంలేని పరీక్షకుడు వ్రాయవచ్చును. కోత అక్కరలేని చేతికి కోత రాసిపెట్టినట్లే. తెలిసినవాడు మాత్రం వెంటనే మధ్యమ నాడిని మోచేతి వద్ద తట్టి చూస్తాడు. అరత్ని నాడి కండరం అప్పుడు పలికితే, తప్పిపోయిన తంతువులు దొరికినట్లే. కత్తి లేకుండ, బతికి ఉన్న మనిషిలో, గ్రూబర్ చూచినదాన్ని ఇట్లా చూడటం సాధ్యమయింది.

మన దేశంలో ఆధునిక పద్ధతిలో శవచ్ఛేదం 1836లో కలకత్తాలో మధుసూదన గుప్తుని చేతి మీదుగా ఆరంభమయింది. హైదరాబాదులో 1846లో మాక్లీన్ అధ్యక్షతన వైద్య పాఠశాల ఏర్పడి, పాఠాలు ఉర్దూలో సాగాయి. అదే పెరిగి ఉస్మానియా వైద్య కళాశాల అయింది. మెదక్ పట్టణానికి ఆ చదువు రావడానికి 2024 దాకా పట్టింది. ఆ సంవత్సరం అక్కడ 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. మొదటి సంవత్సరంలోనే విద్యార్థులు ముంజేతిని విప్పుతారు. ఐదు శవాలకు పది ముంజేతులు. సగటు లెక్కన వాటిలో రెండింటిలో అడ్డదారి ఉండాలి. వేళ్ళను ముడిచే పైవరుస కండరాలను పక్కకు తీసి, మధ్యమ నాడి లోపలివైపు అంచు వెంట మోచేతి కింద నాలుగైదు అంగుళాల మేర కొవ్వును కత్తితో కాక మొద్దు పనిముట్టుతో మెల్లగా విడదీస్తే, ఉంటే అది అక్కడ కనబడుతుంది.